నేపుల్స్, పదకొండు సార్లు

వంటింటి బల్ల మీద రెండు పుస్తకాలు.
ఒకదాని అట్ట మీద తెల్లటి ఓడ,
పెళ్లి కేకులా అంతస్తుల మీద అంతస్తులు.
రెండోదాని మీద
సొరంగంలోంచి సగం బయటికొచ్చిన రైలు.
మధ్యలో, గోడ మీద పిల్లిలా,
సిక్స్‌టెన్ కాఫీ కప్పు.
మూడు వారాలుగా అటూ జరగదు, ఇటూ జరగదు.

బయట గోథెన్‌బర్గ్ నవంబరు.
వాన కురవడం లేదు, వేలాడుతోంది.

నాకు ఓడ కావాలి.
ఇరవై తొమ్మిదేళ్లు ట్రాము నడిపినదాన్ని.
ఎన్ని స్టాపుల్లో తలుపులు తెరిచానో,
ఒక్కచోటా దిగలేదు.
ఇప్పుడు నా మోకాళ్లకి మెట్లంటే పడదు.
పెట్టె మూయడం, పెట్టె తెరవడం,
ప్లాట్‌ఫాం మారిందంటే పరుగెత్తడం, నా వల్ల కాదు.
ఓడలో అయితే మంచం ఉన్నచోటే ఉంటుంది.
ఊళ్లే ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికొచ్చి
మొహం చూపించి పోతాయి.

"మొహం కాదు, మడమలు," అన్నాడు సిక్స్‌టెన్.
ముప్పై ఒక్క ఏళ్లు ఇంజను గదిలో నూనె పోసినవాడు.
"నేపుల్స్ పదకొండు సార్లు వెళ్లాను, గున్‌వోర్.
నేపుల్స్ అంటే ఏంటో తెలుసా?
పంపు చప్పుడు మారడం. అంతే.
లిస్బన్ అంటే ఇనప నిచ్చెన పట్టుకుంటే చెయ్యి కాలడం.
మార్సే, పైనుంచి ఎవడో విసిరిన నారింజ పండు.
రేవు గేటు దగ్గర కార్డు కొని నీకు పంపేవాణ్ణి గాని
గేటు అవతల నేను చూసిందెక్కడ?"

ఆ కార్డులు నా దగ్గరే ఉన్నాయి, బిస్కెట్ల డబ్బాలో.
అన్నిటి మీదా అదే కొండ, అదే నీలం.
వెనక అదే వాక్యం: ఇక్కడ చాలా వేడిగా ఉంది.
ఊరి సంగతి అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఎదురింటి సిగ్నే నిరుడు ఓడలో వెళ్లొచ్చింది.
పొద్దున పెరుగులో వేసుకునే గింజలే పద్నాలుగు రకాలట.
ఒక చర్చి ఫోటో చూపించి
ఇది ఏ దేశానిదో నువ్వే చెప్పు అంది.
కింది వాటాలో ఇవార్ రైల్లో వెళ్లాడు.
మిలాన్‌లో సమ్మె, రాత్రంతా పెట్టె మీదే తల.
ఎవరో ముసలాయన తన రొట్టెలో సగం ఇచ్చాడట.
ఆ సగం రొట్టె గురించే చెప్తాడు,
మిగతా యూరప్ గురించి అడిగితే భుజాలెగరేస్తాడు.

ఆదివారం, ఏదో ఒకటి తేల్చుకుందామని
నది దాటే పాత పడవెక్కాం. ఆరు నిమిషాల ప్రయాణం.
నేను గాలికి మొహం ఇచ్చి నిలబడ్డాను.
అతను నాడి చూసే వైద్యుడిలా
కమ్మీ మీద అరచెయ్యి ఆనించి
"రెండో సిలిండరు సరిగా లేదు," అన్నాడు.
అవతలి ఒడ్డు చూడనే లేదు.

తిరుగు దారిలో ట్రాము.
మలుపు దగ్గర నా కాలు
దానంతటదే నేలని గట్టిగా తొక్కింది.
సిక్స్‌టెన్ చూశాడు. ఏమీ అనలేదు.
ఇద్దరం రిటైరయ్యాం గాని
అతని అరచెయ్యీ, నా అరికాలూ ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

ఆ రాత్రి చేప ముళ్లు తీస్తూ తీస్తూ ఆగి
"ఓడ వెళ్లిపోతుంటే ఎలా ఉంటుంది?" అనడిగాడు.
నాకర్థం కాలేదు.
"ఒడ్డున నిలబడితే. నువ్వు చూసేదానివి కదా."

ఏం చెప్పను.
మొదట ఓడ కదిలినట్టుండదు,
మనం నించున్న రేవే వెనక్కి జరిగినట్టుంటుంది.
తర్వాత నీళ్లు వెడల్పవుతాయి.
తర్వాత ఇంటికొచ్చి
ఇద్దరికి సరిపడా బంగాళదుంపలు ఉడకేస్తాం.

ముల్లు పళ్లెం అంచున పెట్టాడు.
"ఓడలోనే వెళ్దాం. నేపుల్స్‌లో దిగిపోదాం.
అది మనల్ని వదిలేసి పోతుంటే
గేటు బయట నిలబడి చూద్దాం."
మిగతా ఏడు రోజుల డబ్బు వెనక్కి రాదన్నాను.
వాడేసిన దారం కూడా ఉండచుట్టి దాచే మనిషి,
"రాకపోతే పోనీ," అన్నాడు.

తిరిగి రావడం రైల్లో.
నా కాలు బ్రేకు వెతుక్కుంటే
తన కాలు అడ్డం పెడతాడట.
చూడాలి. నాకంత నమ్మకం లేదు,
చీకటి పడితే చాలు, కూర్చున్నచోటే నిద్రపోతాడు.
ఆ దారంతా సొరంగాలే.